గీకేసిన నంబరు

జనవరి 8, 2018

ఈ డైరీ నా రిటైర్మెంటు రోజున యూనియన్ వాళ్ళు శాలువాతో పాటు ఇచ్చారు. రెండు నెలలుగా బీరువా మీద పడి ఉంది. ఇంట్లో అనలేని మాటలు ఎక్కువైపోతున్నాయి కాబట్టి ఇవాళ దించాను.

హైదరాబాదు నుంచి గిరిధర్ అనే ఆయన వచ్చాడు. పాత కార్లు చూసి విలువ కట్టడం ఆయన ఉద్యోగం. తెల్ల చేతితొడుగులు వేసుకుని మా పెరటి షెడ్డులోకి వెళ్ళాడు. హాల్‌ఫర్డ్ ఎయిట్, 1936 మోడలు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇండియాకి ఇలాంటివి మూడే వచ్చాయండీ. ఒకటి కాలిపోయింది, ఒకటి బొంబాయిలో ఉంది. మూడోది ఎటు పోయిందో ఎవరికీ తెలీదు," అన్నాడు.

ఎటూ పోలేదు. నలభై నాలుగేళ్ళుగా రాయపూర్ రైల్వే కాలనీలో, మా బట్టలారేసే తాడు కింద ఉంది.

కథ అడిగితే చెప్పాను. ఆరంగ్ అవతల ఖైర్‌డీహ్ ఊరి జమీందార్లు, ఠాకూర్లు కొన్న బండి. డెబ్భై నాలుగు రైల్వే సమ్మెలో నాన్న ఉద్యోగం ఊడి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు, ఆ ఠాకూర్ల పంపులు, ట్రాక్టర్లు బాగుచేశాడు. కూలి ఇవ్వడానికి ముసలి ఠాకూరు దగ్గర కోళ్ళు పొదిగే ఈ కారు తప్ప ఏమీ మిగల్లేదు. నాన్న దాన్నే ఎడ్ల చేత లాగించుకుని వచ్చాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదట. గిరిధర్ నవ్వుతూ అంతా రాసుకున్నాడు. దీపాలు అసలువి, రేడియేటరు అసలుది, లోపలి కర్ర కూడా అసలుదే అని ఒక్కొక్కటీ తట్టి చెప్తుంటే నాకు నాన్న గుర్తొచ్చి కడుపు నిండిపోయింది.

తరవాత బానెట్టు ఎత్తి, "ఇంజను నంబరు ఏదండీ?" అన్నాడు.

బ్లాకు ఎడమ పక్క అగ్గిపెట్టెంత చదునైన చోటుంది. దాని మీద R 11 82 అని ఉంది. మా షాపు గుర్తు, నెల, సంవత్సరం. ఆయనకు విడమరిచి చెప్పవలసి వచ్చింది. మా వాగన్ షాపులో ఓవర్‌హాల్ అయిన సామాను మీద పాత గుర్తు గీకి, నున్నచేసి, కొత్త గుర్తు కొడతాం. గుర్తు పడని పని పని కిందికి రాదు. అలవాటు అది. ఇంటి పనికీ అదే చెయ్యి.

ఆయన చేతితొడుగులు విప్పి బ్యాగులో పెట్టుకున్నాడు. నాకు మండింది.

"ఎవరు చేశారండీ ఇది?"

"మా అన్నయ్య. జోగయ్య. ఎనభై రెండులో."

జనవరి 9

అన్నయ్యే చేశాడు. ఇందులో మళ్ళీ రాయడానికేముంది.

జనవరి 13

గిరిధర్ మెయిలు పంపాడు. మా అమ్మాయి భావన బ్యాంకు నుంచి వచ్చాక చదివి చెప్పింది.

పూనాలో ఒకాయన సొంతంగా కార్ల మ్యూజియం పెట్టుకున్నాడు. బండిని బండిగా తీసుకుంటాడు, నాన్న కథతో సహా. కానీ ఇంజను అసలుదేనని తేలాలి. హాల్‌ఫర్డ్ కంపెనీ యుద్ధంలోనే మూతపడింది గాని, ఇంగ్లండులో ఆ కార్ల పిచ్చివాళ్ళ సంఘం ఒకటి ఉందట. కంపెనీ పుస్తకం వాళ్ళ దగ్గరుంది. చాసిస్ నంబరు సరిపోయింది. దానికి జోడీ ఇంజను నంబరు పుస్తకంలో ఉంది, కానీ వాళ్ళు చెప్పరు. మనమే చూపించాలి. దొంగ నంబర్లు కొట్టేవాళ్ళు ఎక్కువయ్యారట.

అందుకని రెండు కావాలి. ఒకటి, పాత నంబరుకు ఏదైనా సాక్ష్యం. రెండు, నంబరు ఎవరు తీసేశారు, ఎప్పుడు, ఎందుకు అని తీసినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం.

అవి లేకపోతే పూనా ఆయన తీసుకోడు. అప్పుడు దీపాలు ఒకడికి, రేడియేటరు ఒకడికి, మిగిలింది తుక్కు కింద కాటాకి.

క్వార్టరు ఫిబ్రవరి ఇరవై ఎనిమిదికల్లా ఖాళీ చెయ్యాలి. మేం కొన్న ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. కారుని మేడ మీదికి ఎక్కించలేం కదా.

నాన్న తొంభై ఆరులో పోయాడు. పోయేముందు బండి గురించి ఒకటే మాట అన్నాడు, ముక్కలు చెయ్యకండిరా అని. అన్నయ్య ఆ రోజు కూడా షెడ్డు గుమ్మం బయటే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎనభై రెండులో నాన్న 'ఈ బండి మీద ఇంక నువ్వు చెయ్యి వెయ్యకు' అన్నాడు. అది మొదలు అన్నయ్య వెయ్యలేదు. నాన్న పాడె కట్టేటప్పుడు స్థలం చాలక బండిని కాస్త వెనక్కి తొయ్యాల్సి వచ్చింది, అప్పుడూ వెయ్యలేదు.

నాన్నదీ అతి కోపమే.

జనవరి 18

భావన ఫోన్లో ఆ గుర్తు ఫొటో పెద్దది చేసి చూస్తోంది.

"నాన్నా, ఈ ఎనిమిది కింది సున్నా విరిగింది చూడు. మన గేటు మీద 84 కూడా ఇలాగే ఉంటుంది. నా చిన్నప్పటి టిఫిన్ డబ్బా మీద కూడా. అది నీ అంకెల పంచ్‌తో కొట్టావు కదా?"

"పంచ్ సెట్టు షాపులో అందరూ వాడతారు," అన్నాను.

"నీ సెట్టు ఎవరికీ ఇవ్వనని నువ్వే..."

"నీకు బ్యాంకులో పని లేదా?" అని గట్టిగానే అన్నాను. పిల్ల ఫోను తీసుకుని లోపలికి పోయింది. ఇరవై ఆరేళ్ళ పిల్లని అలా కసరడం తప్పే.

వరహాలమ్మ వంటింట్లోంచి అందుకుంది. "దాన్నెందుకు అలగ కరుత్తావు? గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడువుకున్నట్టుంది నీ యవ్వారం."

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఏమీ తెలియదు. తెలియకుండా అంటుంది, అదే విసుగు.

సెట్టు అందరూ వాడేవారు.

జనవరి 23

వీరేంద్ర వచ్చాడు. పాత ఇనుము కొనే కబాడీ వ్యాపారి, ఈ కాలనీలో రిటైరైన ప్రతి ఇంటికీ వస్తాడు. షెడ్డు చుట్టూ తిరిగి బండి మడ్‌గార్డు మీద పిడికిలితో కొట్టి చూశాడు. పుచ్చకాయ కొనేవాడిలా.

"ఏ గాడీ ల బేచ్ దే భైయా. కాటింగ్ వాలా మేరే సాథ్ ఆయేగా, దో ఘంటా మే సాఫ్."

అమ్మేస్తే రెండు గంటల్లో కోసి పారేస్తాడట. నాన్నకి దాని రేడియేటరు గొట్టాలు ఒక్కొక్కటీ విప్పి కడగడానికి రెండు నెలలు పట్టింది. పొమ్మన్నాను. పోతూ పోతూ, ఇరవై ఎనిమిది దాటితే రైల్వే వాళ్ళే నాకు ఫోను చేస్తారులే అన్నాడు. అది నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండింది.

జనవరి 30

అన్నయ్యకి ఫోను చేశాను. అభన్‌పూర్‌లో ఉంటాడు. ఎనభై మూడులో నారోగేజి చిన్న రైలు సెక్షనుకి అడిగి మరీ బదిలీ చేయించుకున్నాడు. పెద్ద షాపు వదిలేసి ఆ బొమ్మ రైలుకి పోయినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. రిటైరయ్యాక అక్కడే ఉండిపోయాడు.

వదిన పైడమ్మ ఎత్తింది. విషయం చెప్పాను.

"ఆ బండి మాట మా ఇంట్ల ఎత్తకు మరిదీ," అని పెట్టేసింది.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. ఎవరైనా ఒక కాగితం ముక్క అడిగితే ఇంత రాద్ధాంతమా. బండి మిగిలితే ఆయన తండ్రి పేరు కూడా మిగులుతుంది కదా. నాకొక్కడికే తండ్రా?

ఫిబ్రవరి 4, ఆదివారం

అభన్‌పూర్ వెళ్ళాను. చిన్న రైలు ఇప్పుడు మన వైపు రావడం లేదు. బస్సులో నిలబడి వెళ్ళాను.

అన్నయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని శనక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. బాగా సన్నబడ్డాడు. వదిన గుమ్మంలోకి వచ్చి చూసి లోపలికెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా అన్నయ్యే తెచ్చాడు.

నేను గిరిధర్ సంగతి, పూనా సంగతి, కబాడీ సంగతి అన్నీ చెప్పాను. నంబరు ఎవరు గీకారో రాయాలన్న మాట చివరికి, అటూ ఇటూ చూస్తూ చెప్పాను.

"నంబరు గావాలా? ఉందిరా," అన్నాడు.

లోపలికెళ్ళి పాత రేకు పెట్టె తెచ్చాడు. అందులోంచి నాన్న పేరుమీద ఇచ్చిన రైల్వే పాసు తీశాడు. రాయపూర్ నుంచి హౌరాకి, 1982 సెప్టెంబరు. దాని వెనక పెన్సిలుతో రుద్దిన ముద్ర. ఏడు అంకెలు, ముందు H.

"పిస్టన్ రింగుల కోసం కలకత్తా ఎల్లాను గదా. నంబరు లేకుంటే కొట్టోడు రింగు ఇవ్వడు. కాగితం పెట్టి పెన్సిలు రుద్దీసి అట్టుకెళ్ళాను. మరి పారీలేదు," అన్నాడు.

ముప్పై అయిదేళ్ళు. పాసుని వెలుతురుకి పట్టి చూశాను. నేను నెల రోజులుగా కొట్టుకుంటున్నది ఈయన శనక్కాయల పక్కన పెట్టెలో ఉంది. ఇంతవరకూ ఒక్క మాట చెప్పలేదేమని కోపం కూడా వచ్చింది. అడిగితే, "నువ్వు అడగలేదు గదరా," అన్నాడు.

తరవాత ఒక తెల్లకాగితం అడిగి, మోకాలి మీద అట్ట పెట్టుకుని తనే రాశాడు. 'నూకరాజు గారి పెద్ద కొడుకు జోగయ్య అనే నేను, 1982 నవంబరులో, షాపు అలవాటు కొద్దీ, తెలియక, ఈ బండి ఇంజను నంబరు గీకి కొత్త గుర్తు కొట్టాను.' సంతకం పెట్టాడు. కాగితం మడిచి నా జేబులో తనే పెట్టాడు.

"అన్నయ్యా," అన్నాను.

"పోనీలేరా. నీకు కూతురుంది. దాని ముందర ఇప్పుడు ఇయన్నీ ఎందుకు? మాకు ఎవుడున్నాడు అడగడానికి?"

వదిన లోపల గిన్నెలు గట్టిగా పడేస్తోంది.

ఫిబ్రవరి 5

పంపేస్తే సరిపోతుంది. ఆయనే రాశాడు. నేను రాయమనలేదు.

ఫిబ్రవరి 6

ఇవాళ పంపలేదు. నెట్టు సరిగ్గా లేదు.

ఫిబ్రవరి 7

నెట్టు బాగానే ఉందని భావన అంది.

ఫిబ్రవరి 8

రాస్తాను. ఎవరూ చదవరు కదా, అయినా ఇన్ని రోజులూ ఈ డైరీకి కూడా అబద్ధమే చెప్పాను. చూడబోతే మొదటి పేజీ నుంచీ ఉంది.

ఎనభై రెండు నవంబరు, ఆదివారం. అప్పటికి నేను పర్మనెంటు ఫిట్టరునై మూడు నెలలు. సొంత పంచ్ సెట్టు కొనుక్కున్నాను, చేతులు దురద పెడుతున్నాయి. ఇంజను పని అయిపోయింది. చాలావరకు అన్నయ్యే చేశాడు. నాన్నకి ఆ బండి విషయంలో అన్నయ్య ఎంత చెప్తే అంత. నాకు ఇంజను దగ్గర గుడ్డముక్క అందించే పనే దక్కేది. ఆ రోజు నాన్న డ్యూటీకి వెళ్ళాడు. అన్నయ్య గ్యాస్కెట్టు తేవడానికి పండరీ బజారు దాకా వెళ్ళాడు. నేను ఎమెరీ కాగితం తీసుకున్నాను.

పాత అంకెలు గీకేశాను. నున్నగా, అద్దంలా చేశాను. ఎనిమిది కొట్టేటప్పుడు పంచ్ అంచు విరిగింది. అప్పుడే విరిగింది అది. గేటు మీదా, డబ్బా మీదా ఉన్నది ఆ తరవాతదే.

మంచి పని చేశాననే అనుకున్నాను. ఇది నిజం. దేవుడి మీద ఒట్టేసి చెప్తాను, చెడగొట్టాలని కాదు.

నాన్న వచ్చి చూశాడు. ఆయనకు ఆ నంబరు విలువ తెలుసు, ఠాకూరు చెప్పాడట. స్టూలు మీద కూర్చుండిపోయి, "ఎవుడ్రా ఈ పని సేసింది?" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. ఇన్నేళ్ళూ అదే చెప్పుకున్నాను, నేను ఏమీ అనలేదు అని. అనలేదు. అన్నయ్య అప్పుడే గ్యాస్కెట్టు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను ఆయన వైపు చూశాను.

అంతే, చూశాను. నాన్న కూడా అటే చూశాడు.

అన్నయ్య ఇంజను చూశాడు, నన్ను చూశాడు. "నానే నాన్నా," అన్నాడు.

రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు వచ్చేసరికి నాన్న తాళం చెవి నా చేతికిచ్చాడు. బండి తుడవడం, స్టార్టు చెయ్యడం, ఆదివారం కాలనీ చుట్టూ తిప్పడం, అన్నీ నావి. కాలనీ అంతా దాన్ని నా పేరుతో, అమ్మిరాజు కారు అనేవారు. నాకు నచ్చింది. అందుకే చెప్పలేదు. భయపడి కాదు. నచ్చి.

ఫిబ్రవరి 10

భావన చేత టైపు చేయించాను. నేను చెప్పడం, పిల్ల కొట్టడం. 'నూకరాజు గారి రెండో కొడుకు అమ్మిరాజు అనే నేను' దగ్గర దాని వేళ్ళు ఆగాయి. మళ్ళీ కొట్టింది.

'మా నాన్న అడిగినప్పుడు నేను మా అన్నయ్య వైపు చూశాను' అని కూడా రాయమన్నాను.

"కారు కొనేవాళ్ళకి ఇది అక్కర్లేదు కదా నాన్నా."

"ఉండనీ."

టైపు అయ్యాక, "పెదనాన్న మనింటికి వస్తే కాఫీ ఎప్పుడూ వాకిట్లోనే తాగేవారు. పెరటి వైపు రమ్మన్నా వచ్చేవారు కాదు. అందుకేనా?" అంది.

కాగితం ప్రింటు తియ్యమన్నాను. వరహాలమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. సామెతలన్నీ ఎటు పోయాయో, ఒక్కటీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

ఫిబ్రవరి 11, ఆదివారం

మళ్ళీ అభన్‌పూర్. సాక్షి సంతకం కావాలి అని అన్నయ్యకు కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివాడు. ఆయన రాసిన కాగితం కూడా తిరిగిచ్చేశాను.

"చూసినావు అన్నది ఎందుకురా? కారోడికి దాంతో ఏటి పని?" అన్నాడు.

"ఉండనీ అన్నయ్యా."

ఇంకేదో చెప్పాలని వెళ్ళాను. బస్సులో అంతా వరసగా కూర్చుకున్నాను. క్షమించు అనే మాట నోట్లోనే తిరిగింది, బయటికి రాలేదు. పదహారు మంది ముందు యూనియన్ మీటింగులో మాట్లాడినవాణ్ణి. ఛీ.

అన్నయ్య సంతకం పెట్టి, కాగితం లోపలికి పట్టుకెళ్ళి వదినకి చదివి వినిపించాడు. గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి వదిన బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ముప్పై అయిదేళ్ళు, మరిదీ," అంది. "మావగారు పోయీదాకా ఈయన ఎదురుగుంట కూకుని అన్నం తిన్లేదు. తెలుసా నీకు?"

తెలుసు అన్నాను.

టీ తెచ్చి ఇచ్చింది. చక్కెర వెయ్యలేదు. తాగాను.

ఫిబ్రవరి 21

గిరిధర్ మెయిలు. నంబరు సరిపోయింది. పాసు మీది తేదీ చూసి ఇంగ్లండు వాళ్ళు చాలా సంబరపడ్డారట. పూనా ఆయన తీసుకుంటున్నాడు. బండి బండిగానే వెళ్తుంది.

సంతోషించాను, రెండు నిమిషాలు. తరవాత కింది పేరా. ఇంజను అసలుదే అయినా అసలు అంకెలు లోహం మీద లేవు కాబట్టి, మొదట అనుకున్న విలువలో మూడో వంతు తగ్గుతుంది. ఇదేం న్యాయం? కాగితాలు చాలవన్నప్పుడు కాగితాలు తెచ్చాం, ఇప్పుడు లోహం కావాలంటారు. లోహం ఎక్కణ్ణుంచి తెమ్మంటాడు. నేను ఊదేసిన పొడి ఈ పెరటి మట్టిలోనే ఎక్కడో ఉంటుంది, ఏరుకోమనండి.

ఆ సంఘం వాళ్ళు బండి చరిత్ర ఒక పేజీ అచ్చు వేస్తారట. భావన చదివింది. కాపాడినవారు, నూకరాజు, రైల్వే ఫిట్టరు, రాయపూర్. ఇంజను పునర్నిర్మించినవారు, జోగయ్య. నంబరు తొలగించినవారు, అమ్మిరాజు.

ముప్పై అయిదేళ్ళు ఆ బండి తుడిచాను. ఆ మాట ఎక్కడా లేదు.

వరహాలమ్మ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అంది. మొత్తానికి నోరు తెరిచింది.

ఫిబ్రవరి 27

లారీ వచ్చింది. వెనక రేకు పలకలు దించారు, తాడు కట్టి మెల్లగా లాగుతారు. కాలనీ సగం వచ్చి నిలబడింది. వీరేంద్ర కూడా.

అన్నయ్యా వదినా ఉదయమే బస్సులో దిగారు. నేను పిలవలేదు, భావన ఫోను చేసిందట. వదిన తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. అన్నయ్య పెరట్లోకి వచ్చాడు గాని షెడ్డు గుమ్మం బయట ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

లారీ మనిషి, "స్టీరింగ్ పే కౌన్ బైఠేగా?" అని అడిగాడు. స్టీరింగు దగ్గర ఎవరు కూర్చుంటారని అనగానే అందరూ నా వైపు చూశారు. ఇన్నేళ్ళూ అది నా చోటే.

"అన్నయ్యా, కూర్చో," అన్నాను.

ఆయన కదల్లేదు. "నాన్న వద్దన్నాడు గదరా," అన్నాడు. ఇరవై రెండేళ్ళ కింద పోయిన మనిషి గురించి, పక్క గదిలో ఉన్నట్టు.

"నాన్న వద్దన్నది నంబరు గీకినవాణ్ణి."

అన్నయ్య నా వైపు చాలాసేపు చూశాడు. తరవాత చేతులు ముందుకు తెచ్చి, లుంగీకి రెండుసార్లు తుడుచుకుని, తలుపు తీశాడు. ఆ తలుపు నాకెప్పుడూ కిర్రుమంటుంది, ఆయనకి అనలేదు. కాస్త పైకెత్తి తియ్యాలి కాబోలు.

స్టీరింగు పట్టుకున్నాక, "ఎడం వైపు లాగుతాది గదా ఇది, ఇప్పుడూ లాగుతాదా?" అని అడిగాడు.

"లాగుతాది," అన్నాను.

నలుగురు వెనక నుంచి తోశారు. ఇంకో చెయ్యి కావాలి, రండి అని లారీ మనిషి నన్ను కూడా పిలిచాడు. భావనని పంపాను. బండి గడప దాటి, పలకల మీదుగా పైకి ఎక్కింది. నేను షెడ్డు గుమ్మం బయట, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. దాని మీద చెయ్యి వెయ్యలేదు.